వెల్లకిలా పడుకున్న పాప

ఆ ఆసుపత్రిలో అతని అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ అతను బొమ్మలాయన. ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య, ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ దాచుకునే ఇరుకు గదిలో అతని బల్ల. కిటికీ ఉంది గానీ అది వరండాలోకి తెరుచుకుంటుంది. అందులోంచి వెలుగు రాదు, దగ్గులు వస్తాయి.

అతని పని ఏమిటో చెబితే చాలామంది నవ్వేవాళ్ళు. మందు ఎలా వేసుకోవాలో, కట్టు ఎలా మార్చుకోవాలో, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో కాగితం మీద బొమ్మలు గీయడం. చదువు రానివాళ్ళ కోసమని మొదలుపెట్టారు. తీరా చూస్తే జబ్బు పడినప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా అక్షరాల వంక చూడరని తేలింది. ఒళ్ళు నొప్పులతో ఉన్న మనిషికి మూడు వాక్యాలంటే మూడు కొండలు.

బొమ్మ కింద ఆ వాక్యాలు రాసేది ఎదురుబల్ల ఆవిడ. అతనికంటే పదేళ్ళు పెద్దది, అక్షరాలక్క అంటారు. "నీ బొమ్మకి నోరు నేను, నా మాటకి కళ్ళు నువ్వు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి, అదీ అరకొర మనిషే" అనేది.

అతను కాలేజీలో జంతుశాస్త్రం చదివాడు. మిగతావాళ్ళంతా రికార్డులో పుస్తకంలోని కప్పని దించితే, అతను పళ్ళెంలోని కప్పని దించేవాడు. ఒకసారి అతని కప్ప కాలేయం మీద మచ్చ ఉంటే ఆ మచ్చ కూడా వేశాడు. లెక్చరర్ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, తర్వాత పళ్ళెంలోకి తొంగిచూసి, తన కొట్టివేతని తనే కొట్టేశాడు. పెళ్ళయిన కొత్తలో ఈ కథ భార్యకి మూడుసార్లు చెప్పాడు. కళ్ళు చూసింది చెయ్యి గీయాలి, మధ్యలో బుర్ర వేలు పెట్టకూడదు. అతనికి తెలిసిన విద్యంతా ఇంతే.

గీసిన ప్రతి బొమ్మా అచ్చుకి వెళ్ళేముందు పదిమందికి చూపించాలి. వరండాలో బెంచీల మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళ దగ్గరికెళ్ళి, కింది వాక్యాన్ని అట్టముక్కతో మూసి, "ఏం కనిపిస్తోంది?" అని అడగాలి. ఏం చెప్పినా కాదనకూడదు, మొహంలో రంగు కూడా మారకూడదు. తర్వాత అట్ట తీసి, వాక్యం చదివి వినిపించి, "ఇప్పుడు?" అనాలి. పదిలో ఎనిమిది మంది సరిగ్గా చెబితేనే అచ్చుకి, లేకపోతే బల్ల మీదికి. ఈ పద్ధతి పెట్టింది పిల్లల డాక్టరమ్మ. మొదటిరోజే తేల్చి చెప్పింది: "చూసేవాళ్ళు ఎప్పుడూ తప్పు చెప్పరు. తప్పంటూ ఉంటే అది బొమ్మలోనే ఉంటుంది."

అది నిజమని అతనికి త్వరలోనే అర్థమైంది. మాత్ర పట్టుకున్న చెయ్యి ఒక్కటే గీస్తే, "ఈ చెయ్యి ఎవరిదండీ, ఎక్కడ తెగింది?" అని అడిగాడొక తాపీమేస్త్రి. కంట్లో మందుచుక్క పడుతున్నట్టు గీస్తే, "పాపం, ఎవరు తిట్టారో" అంది ఒక ముసలమ్మ. అప్పట్నుంచి చేతికి మనిషిని తగిలించాడు, చుక్క పక్కన సీసా పెద్దది చేశాడు. జనం ఏమంటే అది మారుస్తూ ఆరేళ్ళు గడిపాడు. మనుషుల మాట మీద అంత గురి, తన కళ్ళ మీద అంత ధీమా, రెండూ ఒకే మనిషిలో కుదురుగా సర్దుకుపోయాయి. అవి ఒకదానికొకటి ఎదురుపడాల్సిన రోజు అప్పటిదాకా రాలేదు.

ఆ ఏడే అతనికి కూతురు పుట్టింది. అలాంటి పిల్ల వెయ్యిలో ఒకరికి పుడుతుందని చూడవచ్చినవాళ్ళంతా అన్నారు. అల్లరి లేదు, గోల లేదు. పడుకోబెడితే పడుకున్నట్టే. తడిసినా మూలగదు. పాలకి కూడా వాళ్ళమ్మే లేపాలి. నాలుగు గుక్కలు తాగి మళ్ళీ నిద్రలోకి జారుకునేది.

"నా కూతుర్ని కన్నప్పుడు నాకు ఆరునెలలు కంటిమీద కునుకు లేదు" అనేది అత్తగారు, మనవరాలి పక్కన చాప మీద కూర్చుని. "ఇది ఎవరి పోలికో గానీ, మహా నెమ్మదస్తురాలు."

"నా పోలికే అత్తయ్యా" అన్నాడు అతను.

"అందుకే బాబూ నా భయం. నెమ్మదస్తులతో కాపురం ఎంత కష్టమో మా అమ్మాయినడుగు."

భార్య నవ్వింది గానీ, నవ్వులో సగం ఎక్కడో ఉండిపోయింది. అతను గమనించలేదు.

పిల్ల కళ్ళలో పుట్టినప్పటి కామెర్ల పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. మా పెద్దాడికీ అలాగే ఉండేదన్నారొకరు. పాదాలు చల్లగా ఉండేవి. గది చల్లగా ఉంది మరి. బొడ్డు కాస్త ఉబ్బినట్టుండేది. అదే సర్దుకుంటుందన్నారు. ప్రతిదానికీ ఒక సమాధానం ఉంది. విడివిడిగా చూస్తే అన్నీ మంచి సమాధానాలే.

పాపకి ముప్పై అయిదో రోజు దగ్గర పడుతుండగా డాక్టరమ్మ వాళ్ళ గదికొచ్చి ఒక కొత్త కాగితం అడిగింది. పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టడం వల్లా, మెత్తటి దిండ్లలో కూరడం వల్లా ఊపిరాడక ఆ నెలలోనే ఇద్దరు వార్డుకి వచ్చారట. ఒకరు తిరిగి వెళ్ళలేదు. అక్షరాలక్క అప్పటికప్పుడు వాక్యం రాసింది: 'బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. పరుపు గట్టిగా ఉండాలి. తలగడ వద్దు. మొహం మీదికి వచ్చేలా ఏమీ కప్పవద్దు.'

"బొమ్మ సంగతి నాకు వదిలెయ్యండి మేడమ్. మోడల్ ఇంట్లోనే ఉంది" అన్నాడు అతను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాపని గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. కిటికీ వెలుగు సమంగా పడుతోంది. తల నుంచి మొదలుపెట్టి భుజం, మోచెయ్యి, విప్పారిన వేళ్ళు, పక్కకి వాలిన మోకాళ్ళు, ఒక్కో గీతా నింపాదిగా దించుకుంటూ వచ్చాడు. పెదాల మధ్య నాలుక కొస కనబడుతుంటే అదీ వేశాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో పాప ఒక్కసారైనా కదల్లేదు. వీధిలో ఏదో లారీ గోడలదిరేట్టు హారన్ కొట్టుకుంటూ పోయింది, అప్పుడు కూడా. మోడల్ అంటే ఇలా ఉండాలని మురిసిపోయాడు.

సోమవారం పొద్దున బెంచీ మీద మొదటి మనిషి ఒక బస్సు డ్రైవరు. చేతికి కట్టు ఉంది. అతను బొమ్మని ఒంటిచేత్తో తీసుకుని చూశాడు. చూసి, తలమీది టోపీ తీసి తొడమీద పెట్టుకున్నాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు మెల్లగా.

బొమ్మలాయన నియమం ప్రకారం మొహం కదపలేదు. అట్ట తీసి, వాక్యం చదివి, "ఇప్పుడు?" అన్నాడు.

డ్రైవరు తల ఊపాడు. "అంతే మరి. ఇంక దిండెందుకు, దుప్పటెందుకు."

రెండో ఆవిడ బడి పంతులమ్మ. ఒక్క క్షణం చూసి కాగితం తిప్పేసింది. "ఇలాంటివి ఆసుపత్రిలో చూపిస్తారా అండీ? నా కూతురు లోపల ఆపరేషన్ టేబుల్ మీద ఉంది!" మూడో మనిషి దర్జీ. "నిద్రపోతోంది" అన్నాడు. బొమ్మలాయన ప్రాణం లేచొచ్చింది. దర్జీ మళ్ళీ చూసి, గొంతు తగ్గించి, "నాచేత అలా చెప్పించాలనే కదా మీరు అడుగుతున్నారు?" అన్నాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. పదిమందిలో ఏడుగురికి ఆ పాప చనిపోయింది. ఇద్దరు ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు. మిగిలింది దర్జీ.

"నా వాక్యం వింటే బతికున్నవాళ్ళు కూడా పోతున్నారు తమ్ముడూ" అంది అక్షరాలక్క, వాతావరణం తేలిక చెయ్యాలని. అతను నవ్వలేదు. ఆ పాప తన పాపేనని ఆవిడకి చెప్పాలనుకుని, ఇంకో తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

చూసేవాళ్ళు తప్పు చెప్పరు. తప్పు బొమ్మలో ఉంది. సరే, కళ్ళు మూసి ఉన్నందువల్లే అలా అనిపిస్తోందేమో. మంగళవారం కళ్ళు తెరిచినట్టు గీశాడు.

"అయ్యో, కళ్ళు మూసేవాళ్ళు కూడా లేకపోయారా" అంది కూరగాయలమ్మే ఆవిడ.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఊపిరి పీలుస్తున్నట్టు తెలియాలి. ముక్కు దగ్గర గాలి గీతలు వేసి చూడు" అంది. బుధవారం కళ్ళు మళ్ళీ మూసి, ముక్కు దగ్గర మూడు వంపుగీతలు వేశాడు. కాలికి దెబ్బ తగిలిన ఒక పెద్దాయన ఆ గీతల్ని చూపుడువేలితో ముక్కు నుంచి పైకి, కాగితం అంచు దాకా తడిమి, అక్కడ వేలు ఆపి, "అదిగో, వెళ్ళిపోతోంది" అన్నాడు. అతని పక్కనున్నవాళ్ళు కూడా కాగితం అంచు దాటి గాల్లోకి చూశారు.

బొమ్మలాయన కూడా చూశాడు. చూసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

గురువారం పాప గుండె మీద తల్లి అరచెయ్యి వేశాడు. చేతికి మనిషిని తగిలించడం మర్చిపోలేదు. పక్కనే కూర్చున్న తల్లి, వంగిన మెడ, చల్లని చూపు. అంత మంచి తల్లిని అతనెప్పుడూ గీయలేదు. మందుల వరసలో నిలబడ్డ ఒక నడివయసు ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

"ఆ తల్లికి ఇంకా తెలియలేదు" అంది.

నాలుగు రోజుల్లో కళ్ళు మారాయి, గాలి వచ్చింది, పోయింది, తల్లి వచ్చింది. మారనిది పాప ఒళ్ళొక్కటే. భుజం నుంచి పాదం దాకా ఒక్క గీత కూడా అతను ముట్టుకోలేదు. అక్కడ తప్పుండే అవకాశమే లేదు. అది చూసి గీసింది.

ఇంట్లో సంగతి వేరేలా ఉంది. బుధవారం అతను గుమ్మంలో చెప్పులు విడుస్తూ లోపలికి చూస్తే, మంచం మీద తన బొమ్మ పడుకుని ఉంది. ఒక్క క్షణమే. తర్వాత అది పాప అయింది. కానీ ఆ ఒక్క క్షణం అతని వెన్నులో ఉండిపోయింది. దగ్గరికెళ్ళి ముక్కు కింద వేలు పెట్టాడు. ఊపిరి ఉంది. అయినా ఆ పడుకున్న తీరు భరించలేకపోయాడు. వద్దని ఊరంతటికీ చెప్పే పని తనదై ఉండి కూడా, పాపని మెల్లగా తిప్పి బోర్లా పడుకోబెట్టాడు. అప్పుడైనా బొమ్మలా ఉండదని.

పాప ముక్కు నేరుగా పరుపులోకి దిగింది. ఏ పసిపిల్లయినా కనీసం మొహం పక్కకి తిప్పుకుంటుంది. పాప తిప్పుకోలేదు. ఎలా వేస్తే అలా ఉండిపోయింది, మడతపెట్టిన తువ్వాలులా. అతను గబుక్కున మళ్ళీ వెల్లకిలా తిప్పేశాడు.

"ఏం చేస్తున్నారండీ?" అంది భార్య తలుపు దగ్గర్నుంచి.

"ఏం లేదు. పక్క సర్దుతున్నా."

బొమ్మ బుర్రకెక్కిందని సర్దిచెప్పుకున్నాడు. ఇంతమంది చనిపోయిందన్నాక ఎవరి బుర్రకైనా ఎక్కుతుంది. పాప కాదు, బొమ్మ. తప్పు బొమ్మలోనే ఉంటుంది.

శుక్రవారం పన్నెండు గంటలప్పుడు పిల్లల వార్డు ఆయమ్మ కాగితాల కట్ట కోసం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ వార్డులోనే ఉంది. ఎందర్ని ఎత్తుకుందో, ఎందర్ని గుడ్డలో చుట్టి అప్పజెప్పిందో ఆవిడే లెక్క మర్చిపోయింది. ఆసుపత్రి మనుషులకి బొమ్మలు చూపించి అడగడం నియమానికి విరుద్ధం. అక్షరాలక్కకి ఆ రోజు నియమాల మీద విసుగొచ్చి ఉంది.

"ఆయమ్మా, ఇటు రా. ఇందులో నీకేం కనిపిస్తోందో చెప్పు. మా తమ్ముడు నాలుగు రోజులుగా అన్నం తినట్లేదు."

ఆయమ్మ కళ్ళజోడు తగిలించుకుని వంగింది. తల్లిని చూడలేదు, తల్లి చేతిని చూడలేదు. పాప వేళ్ళ దగ్గర ఆగింది. అక్కడినుంచి మోకాళ్ళకి, అక్కడినుంచి నోటి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పోయిందంటుందని ఇద్దరూ ఎదురుచూశారు.

"ఎవరి బిడ్డ?" అంది.

"బొమ్మే కదా ఆయమ్మా" అన్నాడు అతను.

"బొమ్మే నాయనా. కానీ నువ్వు చూసి గీశావు. ఊహించి గీస్తే పిడికిళ్ళు వేసేవాడివి. పిడికిలి లేని పసిబిడ్డని ఎవరూ ఊహించరు." ఆవిడ తన రెండు ముసలి చేతుల్నీ పిడికిళ్ళు బిగించి చెవుల పక్కకి ఎత్తి చూపించింది. "బతికున్న బిడ్డ ఇలా పడుకుంటుంది. కొట్లాటకి వచ్చినట్టు. కాళ్ళు ముడుచుకుంటుంది. ఇలా చేతులు పరిచేసి, మోకాళ్ళు ఒదిలేసి పడుకునేది పోయిన బిడ్డన్నా అవ్వాలి, లేదంటే..." ఆగింది. "నీ బిడ్డేనా?"

అతను తల ఊపాడు. అక్షరాలక్క కలం కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ళు?"

"నలభై రోజులు."

"ఏడుస్తుందా?"

"లేదు. అసలు ఏడవదు. బంగారం." ఆ మాట అలవాటుగా వచ్చేసింది.

ఆయమ్మ కళ్ళజోడు తీసింది. "మా వార్డులో ఏడ్చే బిడ్డని చూసి ఎవరం భయపడం నాయనా. నోరు మూసుకున్న బిడ్డని చూస్తే పరుగెడతాం. ఇంకా ఇక్కడ కూర్చున్నావేం? లే!"

ఆటోలో ఇంటికి వెళ్ళిన పావుగంటా అతను వరసగా ఆ నలభై మందినీ తలుచుకున్నాడు. ఎవరూ తప్పు చెప్పలేదు. బొమ్మ కూడా తప్పు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు గీసి, ఉన్నది ఉన్నట్టు చెప్పించుకుని, నాలుగు రోజులు కాగితాన్ని బాగుచేస్తూ కూర్చున్నది తనొక్కడే.

"ఎవరో ఆయా అందని ఎర్రటెండలో పసిదాన్ని తీసుకెళ్తారా!" అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది. "నిక్షేపంలాంటి పిల్ల. మీకు పనీపాటా లేక దానికి రోగాలు అంటగడుతున్నారు. బొమ్మలు గీసీ గీసీ మీకు ప్రతి మనిషీ రోగిలాగే కనిపిస్తున్నాడు."

"అత్తయ్యా, దారివ్వండి."

"అమ్మా, తప్పుకో" అంది భార్య. అప్పటికే పాపని తువ్వాలులో చుట్టి భుజాన వేసుకుంది. అతని వంక చూడకుండా చెప్పింది: "నాకు పదిరోజుల నుంచీ అనిపిస్తోంది. భుజాన వేసుకుంటే బరువుగా ఉంటుంది, కానీ పట్టుకోదు. పిల్లలు పట్టుకుంటారు కదా. ఇది పట్టుకోదు. చెబితే మీరిద్దరూ నవ్వుతారని చెప్పలేదు."

డాక్టరమ్మ పాపని చంకల కింద చేతులు వేసి పైకెత్తింది. పాప ఆ చేతుల్లోంచి కిందికి జారిపోసాగింది. బోర్లా తిప్పి అరచేతి మీద పడుకోబెడితే తలా కాళ్ళూ రెండువైపులా వేలాడాయి. నాలుక చూసింది, బొడ్డు చూసింది, నడినెత్తి తడిమింది, పాదాలు పట్టుకుని కాసేపు వదల్లేదు. విరేచనం రోజూ అవుతోందా, గొంతు బొంగురుగా ఉంటుందా అని భార్యని అడిగింది. ఆమె ఒక్కోదానికీ జవాబు చెబుతుంటే, ఇన్నాళ్ళూ విడివిడిగా ఉన్న సమాధానాలన్నీ అతని కళ్ళముందే ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

రక్తం తీశారు. సూది గుచ్చినప్పుడు పాప మొహం ముడుచుకుంది. చాలా ఆలస్యంగా, ఎక్కడో లోతుల్లోంచి కబురు అందినట్టు. శబ్దం మాత్రం రాలేదు.

ఫలితం మర్నాడు సాయంత్రం వచ్చింది. డాక్టరమ్మ కాగితం వెనక్కి తిప్పి ఒక మెడ గీసి, దానిమీద సీతాకోకచిలుకలాంటి గ్రంథి గీసి, అక్కడినుంచి మెదడుకి ఒక బాణం, ఒంటికి ఒక బాణం వేసింది. ఆ గ్రంథిని అతను కాలేజీలో ఎన్నోసార్లు గీశాడు. ఇప్పుడు ఎంత చూసినా అది మెడా కాదు, గ్రంథీ కాదు, ఉత్త గీతలు.

"మేడమ్, బొమ్మ వద్దు. మాటల్లో చెప్పండి."

ఆవిడ కలం మూసి మాటల్లోనే చెప్పింది. "పాప థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే పని చెయ్యట్లేదు. అది పని చెయ్యకపోతే ఒళ్ళు మందగిస్తుంది, మెదడు ఎదగదు. మందుంది. చిన్న మాత్ర, రోజూ వెయ్యాలి, బహుశా జీవితాంతం. ఈ రోజే మొదలుపెడదాం."

"ఆలస్యమైందా?" అంది భార్య.

"మొదటి రెండు వారాల్లోపు తెలిస్తే చాలా బాగుండేది. మరీ ఆలస్యం కాలేదు. చాలామంది బాగానే ఎదుగుతారు. పాప కూర్చున్నప్పుడు, నడిచినప్పుడు, మాట్లాడినప్పుడు చూస్తూ ఉందాం. ఇప్పుడే మాటివ్వలేను." అతని వైపు తిరిగింది. "ఆ బొమ్మ నేనూ చూశానయ్యా. చేత్తో పట్టుకుని చూశాను. గాలి గీతలు వెయ్యమన్నాను. పిల్లనిగా చూడలేదు, బొమ్మగా చూశాను."

మాత్రని రెండు చెంచాల మధ్య నలిపి, నాలుగు చుక్కల తల్లిపాలలో కలిపి, పొద్దున్నే పాలకి ముందు పట్టాలి. సీసాలో కలపకూడదు, అంతా లోపలికి వెళ్ళిందో లేదో తెలియదు కాబట్టి. అత్తగారికి చదువు రాదు. ఆవిడ కోసం అతను ఇంట్లో కూడా బొమ్మలు గీయబోతే చెంచా లాక్కుంది. "నాకు బొమ్మలూ వద్దు, రాతలూ వద్దు. నలపాలి, కలపాలి, పట్టాలి. మీరు పనికి వెళ్ళండి." ఆ రోజు నుంచి నెమ్మదస్తురాలు అన్న మాట ఆవిడ నోట మళ్ళీ రాలేదు.

వార్డులో వేరే బిడ్డని చూసి అతను కాగితం పూర్తిచేశాడు. పిడికిళ్ళు చెవుల పక్కన, మోకాళ్ళు ముడిచి. పదిమందిలో తొమ్మిదిమంది నిద్రపోతోందన్నారు. తల్లి అక్కర్లేకపోయింది, గాలి అక్కర్లేకపోయింది. అది అచ్చుకి వెళ్ళింది.

తర్వాత డాక్టరమ్మ మొదటి బొమ్మ అడిగింది. అక్షరాలక్క అప్పటికే దానికి కొత్త వాక్యం రాసి పెట్టుకుంది: 'మీ బిడ్డ ఇలా వాలిపోయి పడుకుంటోందా? ఏడవడం లేదా? పాలకి లేవడం లేదా? మెచ్చుకుని ఊరుకోకండి. వెంటనే చూపించండి.' అదే బొమ్మ, కింద మాట మారింది. ఈ వాక్యంతో చూస్తే బెంచీ మీదివాళ్ళు చనిపోయిందనరు, డాక్టరు దగ్గరికి పదండి అంటారు. ఇంకో బొమ్మ గీద్దామని అతను చాలా ప్రయత్నించాడు. కుదర్లేదు. మనసులోంచి గీస్తే చెయ్యి దానంతటదే పిడికిలి వేసేస్తోంది.

భార్య చాలాసేపు ఒప్పుకోలేదు. "వెయ్యి గోడల మీద నా పిల్లని అలా అంటించేస్తారా? వచ్చేపోయేవాళ్ళంతా దాన్ని చూసి చచ్చిపోయిందనుకోవాలా?"

ఆమె మర్నాడు వంటింట్లోంచి, గిన్నెలు కడుగుతూ చెప్పింది: "మొహం మార్చండి. ఒళ్ళు ఇవ్వండి, మొహం మాత్రం ఇవ్వద్దు."

మార్చాడు. ఆ ఒంటికి ఏ మొహం పెట్టినా అతుకుతోంది.

మందు మొదలుపెట్టిన పదమూడో రోజు పొద్దున అత్తగారు పాపని ఒళ్ళో వేసుకుని చెంచా నోటి దగ్గరికి తెచ్చింది. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పాప పెదాలు బిగించింది. ఎక్కడినుంచి లేచిందో, ఒక చెయ్యి పైకి వచ్చింది. అది చెంచాకి తగిలి, మందు కాస్తా అత్తగారి చీర మీద పడింది. ఆ వెంటనే గదిలో ఒక శబ్దం మొదలైంది.

ఎన్నడూ తియ్యని తలుపు ఎవరో లోపలి నుంచి నెడుతున్నట్టు, బొంగురుగా, ఆగి ఆగి. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరికీ పరిచయం లేదు. పాప మొహమంతా ఎర్రబడింది, రెండు కాళ్ళూ తన్నుకుంటున్నాయి, శబ్దం ఊపందుకుంది.

"నీ గొంతు బంగారం గానూ, చీరంతా పాడుచేశావు కదే!" అంది అత్తగారు. తిట్టడానికే అంది గానీ గొంతు సగంలో విరిగింది.

భార్య ఎత్తుకోవడానికి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగిపోయింది. అతను ఇంకో మాత్ర తీసి రెండు చెంచాల మధ్య పెట్టాడు. మాత్ర జారిపోతోంది. ఎవరూ పాపని ఊరుకోబెట్టలేదు.

పైవాటాలో కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. అక్కడుండే ఆవిడతో వాళ్ళకి మెట్ల మీద ఎదురైతే తలలూపుకునేంత పరిచయమే. ఆవిడ తల బయటికి పెట్టి కిందికి కేకేసింది.

"ఏమండీ, మీ ఇంట్లో పసిపిల్ల ఉందా?"

భార్య కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఉందండీ" అంది. వినపడలేదేమోనని ఇంకోసారి, గట్టిగా, ఆ ఏడుపుని మించేలా అంది. "ఉంది!"